బంగాళాదుంపలో మట్టం పెరగకపోతే: ద్రవాభిసరణ ప్రయోగాల్లో సమస్య - పరిష్కారం

పలుచని ద్రావణం నుంచి చిక్కని ద్రావణం వైపు నీరు కణత్వచం గుండా పోవడమే ద్రవాభిసరణ. దాన్ని చూపడానికి ఒక బంగాళాదుంప, కొంత చక్కెర, ఒక బీకరు నీళ్లు, ఒక గుండుసూది చాలు: దుంపలో గుంట చెక్కి చక్కెర ద్రావణం పోసి, దాని మట్టాన్ని సూదితో గుర్తు పెట్టి, దుంపను బీకరు నీళ్లలో నిలబెడితే గుంటలో మట్టం పెరగాలి. అయినా ఇంటర్ ప్రాక్టికల్స్‌లో విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

సమస్య: గంట గడిచినా గుంటలోని చక్కెర ద్రావణం సూది గుర్తు దగ్గరే ఉంది.

మొదట తొక్కను చూడాలి. దుంప తొక్క సుబెరిన్ అనే మైనం లాంటి పదార్థం పట్టిన బెరడు కణాలతో ఏర్పడినది కనుక నీటిని దాదాపుగా రానివ్వదు. నీటిలో మునిగే భాగమంతా చెక్కు తీసి, అడుగును చదునుగా కోసి, గుంట చుట్టూ గోడను వీలైనంత పలుచగా, ఎక్కడా చిల్లు పడకుండా చెక్కాలి. ఉడికించిన దుంపతో ఈ ప్రయోగం ఎప్పటికీ పలకదు, ఎందుకంటే వేడికి కణత్వచాలు చెడిపోయి నీటితోపాటు చక్కెర కూడా అటూ ఇటూ పోతుంది. అయితే పోలిక కోసం అలాంటి దుంపను పక్కన పెట్టుకోవడం మంచిదే.

సమస్య: మట్టం పెరగకపోగా తగ్గింది.

దుంపను పైకి తీసి, బయట తడి తుడిచి, వడపోత కాగితం మీద కాసేపు ఉంచితే అడుగున చిల్లు ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. చిల్లు లేకపోతే ద్రావణం పలుచనైందని అర్థం. దుంప కణరసం గాఢత సుమారు 0.3 మోలార్ చక్కెర ద్రావణానికి సమానంగా ఉంటుంది (మోలార్ అంటే లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌ల పదార్థం ఉందో చెప్పే కొలత; ఒక మోల్ అంటే అణుభారమన్ని గ్రాములు); రకాన్ని బట్టి, నిల్వను బట్టి కొంత మారుతుంది. మీరు పోసింది 5 శాతం చక్కెర ద్రావణమైతే అది 0.15 మోలార్‌కు మించదు, అంటే కణరసం కంటే అల్పగాఢత ద్రావణమే, కనుక కణాలు ముందు గుంటలోని నీటినే తాగేస్తాయి. 20 గ్రాముల చక్కెరను కొద్ది నీటిలో కరిగించి, మొత్తం పరిమాణాన్ని 100 మిల్లీలీటర్లకు తెస్తే సుమారు 0.58 మోలార్ అవుతుంది. అది సరిపోతుంది.

సమస్య: చక్కెర, ఉప్పు రెండూ 5 శాతమే, ఫలితాలు మాత్రం వేరు.

ఇది ప్రయోగం తప్పు కాదు, సీసా మీద రాసిన శాతాన్ని నమ్మడంలో ఉన్న తప్పు. నీటి కదలికను నిర్ణయించేది కరిగిన పదార్థం బరువు కాదు, కణికల సంఖ్య. లీటరు ద్రావణంలో ఆ కణికలు ఎన్ని ఉన్నాయో చెప్పే కొలతే ఆస్మోలారిటీ. లీటరుకు 50 గ్రాముల చక్కెరను దాని అణుభారం 342తో భాగిస్తే సుమారు 146 మిల్లీమోల్‌లు వస్తాయి, చక్కెర అణువు విడిపోదు కనుక ఆస్మోలారిటీ కూడా 146 మిల్లీఆస్మోల్‌లే. అదే 50 గ్రాముల ఉప్పును 58.5తో భాగిస్తే 855 మిల్లీమోల్‌లు, ఉప్పు నీటిలో సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది కనుక సుమారు 1,710 మిల్లీఆస్మోల్‌లు అవుతాయి. దాదాపు పన్నెండు రెట్లు! ద్రావణాలను పోల్చవలసి వస్తే శాతాన్ని పక్కన పెట్టి ఈ లెక్క వేసుకోవాలి.

సమస్య: రియో ఆకు పొరలో ద్రవ్యసంకోచనం కనిపించలేదు.

రియో ఆకు అడుగున ఊదా రంగు ఉండే అలంకరణ మొక్క; ద్రవ్యసంకోచనం అంటే నీరు కోల్పోయిన కణం లోపలి జీవపదార్థం కణకవచాన్ని (కణం బయటి గోడను) వదిలి ముడుచుకోవడం. ఊదా రంగు ఉండే కింది పొరనే, ఒకే కణం మందంగా ఒలవాలి. 5 శాతం ఉప్పు ద్రావణంలో కొన్ని నిమిషాలకు ఊదా రంగు కణకవచాన్ని వదిలి మధ్యకు ముడుచుకోవడం సూక్ష్మదర్శినిలో చక్కగా కనిపిస్తుంది. తిరిగి నీటిలో వేసినా రంగు పరుచుకోకపోతే ఆ కణాలు చనిపోయాయి, కొత్త పొర తీసుకోవాలి.

సమస్య: ఆస్మోలారిటీ సమానమే, అయినా ఎర్ర రక్తకణాలు పగిలిపోయాయి.

0.9 శాతం ఉప్పు ద్రావణం సుమారు 308 మిల్లీఆస్మోల్‌లు, 1.8 శాతం యూరియా సుమారు 300. కాగితం మీద రెండూ ఒకటే. కానీ యూరియా ఎర్ర రక్తకణ త్వచాన్ని దాటి లోపలికి పోతుంది, దాని వెంట నీరూ పోతుంది, కణం ఉబ్బి పగులుతుంది. సోడియం, క్లోరైడ్ అయాన్ల నికర ప్రవేశాన్ని కణం అడ్డుకోగలదు కనుక ఉప్పు ద్రావణంలో దాని పరిమాణం మారదు. కాబట్టి సమగాఢత ద్రావణం, అంటే కణం ఉబ్బకుండా, ముడుచుకోకుండా ఉండేది, కావలసినప్పుడు త్వచాన్ని దాటని పదార్థాన్నే ఎంచుకోవాలి. ఫలితం చూడడానికి పరీక్షనాళిక వెనుక అచ్చు కాగితం పట్టుకోండి: కణాలు నిలిచి ఉంటే ద్రవం మసకగా ఉండి అక్షరాలు కనిపించవు, పగిలితే అదే ద్రవం తేటపడి ఎర్రని అద్దంలోంచి చూసినట్లు అక్షరాలు చదవవచ్చు.