బెదురు కుక్కకు భయం పోగొట్టడం ఎలా?

మా నల్లోడికి ఆటో అంటే ప్రాణభయం. నెల్లూరులో మా సందు దాటి ట్రంకు రోడ్డు వైపు తిరిగితే చాలు, గొలుసు తెంపుకునేలా ఎగిరెగిరి మొరిగేవాడు. చూసినవాళ్లు పొగరు కుక్క అనేవాళ్లు. పొగరు కాదది, బెదురు. మెడకు గొలుసుంటే పారిపోయే దారి లేదు కాబట్టి అరిచి తరమాలని చూస్తుంది. ఆటో ఎలాగూ వెళ్లిపోతుంది. తన అరుపుకే పోయిందనుకుని మర్నాడు ఇంకా గట్టిగా అరుస్తుంది.

ముందు మీ కుక్కను గమనించండి. మొరగడానికి చాలా ముందే పెదాలు నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, చెవులు వెనక్కి వాలుస్తుంది, తోక కాళ్ల సందులోకి పోతుంది. ఉన్నట్టుండి మొదలైన భయమైతే పశువుల డాక్టరుకు చూపించండి. చెవిపోటు, కీళ్లనొప్పి ఉన్నా కుక్క ఇలాగే మారుతుంది.

తర్వాత చికెన్ కొట్లో కాస్త కార్జం తీసుకోండి. ఉప్పు, ఉల్లిపాయ వేయకుండా ఉడికించి శెనగగింజంత ముక్కలు కోయండి. ఉల్లిపాయ కుక్కలకు విషం. ఈ ముక్కలు శిక్షణలో తప్ప ఇంకెప్పుడూ పెట్టకండి.

అసలు మందు దూరం. ఆటో కనబడినా కుక్క స్థిమితంగా నిలబడగలిగే చోటు వెతకండి. మా వాడికి అది రోడ్డుకు 30 అడుగుల దూరంలో, ఒక వేపచెట్టు కింద దొరికింది. ఆటో కనబడగానే ముక్క నోటికివ్వండి, వెళ్లిపోగానే ఆపేయండి. ముందు ఆటో, తర్వాతే ముక్క. ఈ వరస తప్పకూడదు. తిండికి ముందు ఒక చప్పుడు పదేపదే వినిపిస్తే, ఆ చప్పుడుకే కుక్క నోట్లో నీరూరుతుందని రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ చూపించాడు. మనం చేసేదీ అదే. ముక్క ముందు చూపిస్తే మాత్రం, ముక్క కనబడినప్పుడల్లా ఏదో భయం రాబోతోందని నేర్చుకుంటుంది.

రోజుకు 5 నిమిషాలు చాలు. ముక్క తీసుకోకపోయినా, వేళ్లు కొరికేలా లాక్కున్నా మీరు రోడ్డుకు మరీ దగ్గరికి వచ్చేశారన్నమాట. ఏమీ అనకుండా వెనక్కి నడవండి. కొన్నాళ్లకు ఆటో చప్పుడు వినగానే రోడ్డు వైపు కాకుండా మీ ముఖం వైపు చూస్తుంది. అప్పుడు రెండడుగులు ముందుకు జరగండి. ఒకరోజు బాగా బెదిరితే, రెండు రోజులు బయటి శిక్షణ మానేసి ఇంట్లోనే ఆడించండి.

కొట్టడం, మెడ బిగుసుకునే గొలుసులు వద్దు. ఛాతీకి వేసే బెల్టు మంచిది. గుర్రుమన్నందుకు అసలే కొట్టకండి, అది మనకిచ్చే హెచ్చరిక. దాన్ని నోరు మూయిస్తే రేపు చెప్పకుండా కరుస్తుంది. కరిచే అలవాటున్న కుక్కకు మూతిబుట్ట ముందే అలవాటు చేయండి. ఏటా రేబిస్ టీకా వేయించండి. పన్ను దిగితే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చుట్టాలు వస్తే కుక్క కళ్లలోకి చూడొద్దని, తలమీద చెయ్యి వేయొద్దని ముందే చెప్పండి. దానంతటది దగ్గరికొస్తే సరే, రాకపోతే వదిలేయాలి. దీపావళికి రెండు నెలల ముందు నుంచే టపాకాయల చప్పుడు ఫోన్లో సన్నగా పెట్టి, ముక్కలిస్తూ కొద్దికొద్దిగా పెంచండి. పండగ రాత్రి లోపలి గదిలో ఫ్యాన్ వేసి ఉంచండి. మీ ఒళ్లోకి దూరితే దూరనివ్వండి. ఓదారిస్తే భయం పెరుగుతుందన్న మాట నమ్మకండి.

మన ఎండల్లో ఇదంతా ఉదయం 6 గంటల లోపే కావాలి. తారు మీద అరచెయ్యి ఆనించి చూడండి. మీకు కాలితే దానికీ కాలుతుంది.

నల్లోడు ఇప్పుడు టీకొట్టు దగ్గర నిలబడగలడు. ఆటో వెళ్తుంటే తలతిప్పి నా చొక్కా జేబు వైపు చూస్తాడు. లారీల ఎయిర్ హారన్‌కు మాత్రం ఇంకా వణుకుతున్నాడు. దానికోసం మళ్లీ వేపచెట్టు దగ్గర నుంచే మొదలుపెట్టాం.