బాల్ పైథాన్ పెంపకం, 3వ పాఠం: పాము కంటే ముందు పుట్ట

గత రెండు పాఠాల్లో అసలు ఈ పామును పెంచుకోవాలా వద్దా అన్నది, అడవిలో పట్టి తెచ్చిన దాన్ని కాకుండా పెంపకంలో పుట్టిన పిల్లనే ఎందుకు తీసుకోవాలన్నది మాట్లాడుకున్నాం. ఇవాళ దాని ఇల్లు. షాపుల్లో ఎన్‌క్లోజర్ అంటారు, నేను పెట్టె అనే రాస్తాను. మొదటే ఒక మాట చెప్పేస్తాను, పాఠం మొత్తంలో ఇదొక్కటే గుర్తున్నా చాలు: ముందు పెట్టె ఇంటికి రావాలి, వారం పది రోజులు ఖాళీగా నడవాలి, ఆ తర్వాతే పాము రావాలి. నేను రెండూ ఒకే శనివారం కొనుక్కొచ్చాను. దాని బాధ నేను పడలేదు, మా పాము పడింది. అది కింద చెబుతాను.

ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లకి చిన్న ఆగింపు. మన ఊళ్లలో కనిపించే కొండచిలువను ఇంట్లో పెంచడం నేరం, అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. బాల్ పైథాన్ వేరే జాతి, ఆఫ్రికాది. కానీ అది అడవి జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం సైటీస్‌లో రెండో అనుబంధంలో ఉంది కాబట్టి, చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాల్సిందే. కాగితాలు లేకుండా "తర్వాత చూసుకుందాంలే" అనే అమ్మకందారు దగ్గర కొనకండి. నేను ఉండేది అమెరికాలో, డాలస్ పక్కన. ఇక్కడ ఇది మామూలు పెంపుడు జంతువే, అయినా అద్దె ఇంట్లో ఉంటే లీజు కాగితం ఒకసారి చదువుకోండి, పాములు కూడదని రాసినవి చాలానే ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయం. బాల్ పైథాన్ సొంత ఊరు పశ్చిమ ఆఫ్రికా, మధ్య ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచే ఎక్కువగా బయటికి వచ్చింది. అక్కడ పగలంతా అది ఎలుకలు తవ్విన బొరియల్లో, చెదపుట్టల్లో పడుకుంటుంది, రాత్రి బయటికొస్తుంది. పుట్ట అంటే మనకి కొత్తగా చెప్పాలా, నాగుల చవితికి పాలు పోసి మొక్కుతాం. బయట ఎండ మండిపోతున్నా పుట్ట లోపల చీకటిగా, తేమగా, ఒంటికి నాలుగు వైపులా మట్టి తగిలేంత ఇరుకుగా ఉంటుంది. మనం కొనేది గాజు తొట్టి కావచ్చు, ప్లాస్టిక్ డబ్బా కావచ్చు, చేయాల్సిన పని మాత్రం ఒకటే, ఈ పుట్టని ఇంట్లో కట్టడం. వేడి నిలవాలి, తేమ నిలవాలి, దాక్కోవడానికి చోటుండాలి. చూడ్డానికి ఎలా ఉంది, హాల్లో సోఫా పక్కన నప్పుతుందా అన్నవి ఆ తర్వాతి సంగతులు.

నేను మొదట కొన్నది పైన జాలీ మూత ఉన్న గాజు తొట్టి, 36 అంగుళాల పొడవుది. షాపులో అదే పెట్టి ఉంది, లోపల పాము బాగా కనిపిస్తోంది, మా అమ్మాయికి నచ్చింది, తెచ్చేశాం. నవంబరులో ఇంట్లో హీటర్ వేయడం మొదలయ్యాక గాలి ఎంత పొడిబారుతుందో ఇక్కడున్నవాళ్లకి తెలుసు, పెదాలు పగిలిపోతాయి. పైన వేడి దీపం, దాని కింద జాలీ. వేడెక్కిన గాలి పైకి పోతూ తేమనంతా ఊడ్చుకుపోయింది. రోజుకి రెండుసార్లు నీళ్లు చల్లేవాణ్ని, గంటలో మీటర్ మళ్లీ 30 శాతానికి దిగిపోయేది. ఆ నెల పాము కుబుసం విడిచినప్పుడు ఒక్క గొట్టంలా రావాల్సిన చర్మం ఉల్లిపొర చిరిగినట్టు ముక్కలు ముక్కలుగా ఊడింది. కొంత వీపు మీదే అంటుకుపోయింది. ఎడమ కన్ను మాత్రం తేటపడలేదు. దగ్గరగా టార్చి వేసి చూస్తే గీతలు పడ్డ వాచీ అద్దంలా మసగ్గా ఉంది, అంచు దగ్గర సన్నటి ముడత. కంటి మీది పొర ఊడలేదన్నమాట. పాములకి కనురెప్పలుండవు, ఆ పారదర్శకమైన పొరే రెప్ప, కుబుసంతో పాటు అదీ ఊడాలి. గోరుతో లాగబోయాను, మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది, ఇప్పటికీ దానికి ఆమెకి రుణపడి ఉన్నాను. లాగితే కన్నే పోయే ప్రమాదం ఉంది. సరీసృపాల డాక్టరు చూసి, గోరువెచ్చటి తడి గుడ్డలో కాసేపు ఉంచమన్నారు, తేమ పెంచి తర్వాతి కుబుసం దాకా ఆగమన్నారు. అప్పుడు రెండు పొరలూ కలిసి ఊడాయి. తోక చివర కూడా చూసుకోండి, అక్కడ పాత చర్మం ఉంగరంలా బిగుసుకుంటే రక్తం ఆడక కొస చచ్చుబడిపోతుంది.

అంటే గాజు తొట్టి పనికిరాదా? పనికొస్తుంది, కానీ శ్రమ ఎక్కువ. జాలీలో ముప్పాతిక భాగం, దీపం ఉన్న చోటు వదిలేసి, అల్యూమినియం ఫాయిల్‌తో మూసేయాలి. వెనకా పక్కలా మూడు వైపులా నల్ల చార్టు అంటించాలి, లేకపోతే నాలుగు వైపులా మనుషులు తిరుగుతుంటే పాము టెన్షన్‌తో మేత మానేస్తుంది. బరువు చెప్పనక్కర్లేదు, నాలుగడుగుల గాజు తొట్టిని మేడ మీదికి ఎక్కించాలంటే ఇద్దరు కావాలి. గాలిలోనే తేమ ఉండే విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి చోట్ల ఈ గాజు తొట్టే చక్కగా పనిచేయొచ్చు. అందుకే "ఏది మంచిది" అని అడిగేవాళ్లని నేను ముందు ఏ ఊరు, ఇంట్లో ఏసీనా హీటరా అని ఎదురు అడుగుతాను.

నా ఇప్పటి పెట్టె పీవీసీ పలకలతో చేసింది, ముందు జరిపే గాజు తలుపులు. తేలిక, నీళ్లకి ఉబ్బదు, వేడి లోపలే ఉంటుంది, మూడు వైపులా పలకే కాబట్టి వేరే చార్టులు అక్కర్లేదు. ఖరీదు గాజు దానికంటే బాగా ఎక్కువ. అయినా మొదటి గాజు తొట్టి, దానికి చేసిన అతుకులు, డాక్టరు ఫీజు కలుపుకుంటే నేనేమీ మిగుల్చుకోలేదు. డబ్బు కూడబెట్టుకుని ఒక్కసారే ఇది కొనుక్కోమని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. ఈ పాములు పెంపకంలో 20, 30 ఏళ్లు బతుకుతాయి. 2020లో సెయింట్ లూయీ జూలో గుడ్లు పెట్టిన ఆడ బాల్ పైథాన్‌కి 62 ఏళ్లు ఉంటాయని అక్కడివాళ్లు లెక్కగట్టారు. ఒక సోఫా కొనడం కంటే ఎక్కువే ఆలోచించాల్సిన కొనుగోలు.

పీవీసీ పెట్టెలు దొరకని చోట వడ్రంగితో చేయించుకోవచ్చు. నీటికి ఆగే ప్లైవుడ్ వాడమనండి, లోపలి మూలలన్నీ సిలికాన్‌తో మూయించండి, కోసిన అంచులకి కూడా పూత పడాలి, చెమ్మ మొదట పట్టేది అక్కడే. వార్నిష్ వాసన పూర్తిగా పోయేదాకా, రెండు మూడు వారాలైనా సరే, పాముని అందులో పెట్టొద్దు. దేవదారు చెక్క మాత్రం వద్దు, దాని నూనెల ఆవిరి పాములకి విషం. ఇక క్లిప్పులున్న ప్లాస్టిక్ డబ్బా, పక్కలకి రంధ్రాలు పెట్టినది. పిల్ల పాముకి, జబ్బు చేసినప్పుడు విడిగా ఉంచడానికి అది నిజంగా బాగుంటుంది, తేమ అద్భుతంగా నిలుస్తుంది. కానీ జీవితాంతం అందులోనే, సొరుగులో బట్టల్లా ఉంచడం నాకు ఇష్టం లేదు. వందల పాముల్ని పెంచి అమ్మేవాళ్ల లెక్క వేరు, మనకున్నది ఒక్కటే కదా.

సైజు దగ్గరికి వద్దాం, ఎక్కువ గొడవలు ఇక్కడే. గుడ్డులోంచి వచ్చిన పిల్ల మూరెడు కూడా ఉండదు. మగది పెరిగితే రెండున్నర నుంచి మూడున్నర అడుగులు, ఆడది నాలుగు, ఒక్కోసారి ఐదు అడుగులు. పెద్ద పాముకి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న పెట్టె కొనండి. ఒళ్లంతా చాచుకుని పడుకోగలగాలి, ఇదే నా కొలత. ఐదడుగుల ఆడపాము ఉన్నవాళ్లు ఇంకా పెద్దది చూసుకోవాలి. "పెద్ద పెట్టెలో పెడితే భయపడి తినదు" అని చాలామంది చెబుతారు. నేనూ నమ్మాను. భయపెట్టేది పెద్ద పెట్టె కాదు, బోడి పెట్టె. ఖాళీ మైదానంలో నిలబెట్టినట్టుంటే ఏ పామైనా భయపడుతుంది. అదే పెట్టెలో వేడి వైపు ఒక గూడు, చల్లటి వైపు ఇంకో గూడు, మధ్యలో ప్లాస్టిక్ ఆకులు, బెరడు, ఒక కొమ్మ కిక్కిరిసేలా పెడితే ఎటు పాకినా దానికి చాటు ఉంటుంది. గూడు ఇరుగ్గా ఉండాలి, పాము చుట్ట చుట్టుకుంటే ఒళ్లు గోడలకి తగలాలి, గుమ్మం ఒక్కటే ఉండాలి. రెండు గూళ్లూ ఒకేలాంటివి పెట్టండి. వేరువేరువి పెడితే నచ్చిన దాంట్లోనే పడి ఉంటుంది, ఒంటికి వేడి కావాల్సి వచ్చినా చోటు మారదు.

ఎత్తు ఎందుకని అడుగుతారు, బొరియలో ఉండేదే కదా అని. నైజీరియాలో చేసిన పరిశీలనల్లో మగ పాములు ఎలుకలతో పాటు పక్షుల్నీ బాగా తింటున్నట్టు తేలింది, అంటే చెట్లెక్కుతున్నాయి. మా దాన్ని కొమ్మ వేసిన మొదటి వారం రాత్రి పదకొండింటికి చూశాను, కొమ్మ మీద సగం ఒళ్లు వేలాడేసి తల మెల్లగా అటూ ఇటూ తిప్పుతోంది. మూడు నెలలుగా గూట్లోంచి బయటికి రాని పాము అది. కొమ్మ గట్టిగా బిగించండి, మరీ ఎత్తులో వద్దు, పడితే దెబ్బ తగిలేంత బరువుంటాయి.

తలుపు ముందు వైపు తెరుచుకునేదే తీసుకోండి. పై నుంచి చెయ్యి దిగితే గద్ద వచ్చినట్టే దానికి, వెంటనే తల మధ్యలో దాచుకుని బంతి అయిపోతుంది, ఆ పేరు వచ్చిందే అలా. తలుపు కింద గడప ఎత్తు కూడా చూడండి, కనీసం మూడు నాలుగు అంగుళాలు ఉండాలి. లోపల కొబ్బరి పొట్టు అంత మందంగా పరిస్తేనే తేమ నిలిచేది. గడప పొట్టిగా ఉంటే ఆ కొబ్బరి పొట్టు తలుపు గాడిలో పడి ఇరుక్కుంటుంది, తలుపు పూర్తిగా పడదు. పడని తలుపంటే పాము బయటికెళ్లినట్టే. తల పట్టే సందు ఉంటే ఒళ్లంతా పడుతుంది. మూత మీద పుస్తకాలు పేర్చడం తాళం కాదు. గాజు తలుపులకి చిన్న తాళం వేయండి, పిల్లలున్న ఇంట్లో అది రెండు విధాలా అవసరం.

వేడి గురించి వచ్చే పాఠం మొత్తం ఉంది, ఇక్కడ పెట్టె ఎంపికకి కావలసినంత వరకే. ఒక వైపు 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, ఇక్కడి లెక్కలో 88 నుంచి 92 ఫారన్‌హీట్, రెండో వైపు 25, 26 డిగ్రీలు ఉండాలి. ఈ తేడా రావాలంటే పెట్టెకి పొడవు కావాలి, అడుగున్నర పెట్టెలో రెండు కొసలూ ఒకటే వేడి అవుతాయి. తేమ 60 శాతం దగ్గర, కుబుసం విడిచే రోజుల్లో 70 దాటినా మంచిదే. పెట్టె కొనేటప్పుడు లోపల వైరు దూరడానికి రంధ్రం ఉందా, పైకప్పుకి వేడి పలకో దీపమో బిగించే వీలుందా చూడండి. లోపల దీపం పెడితే దాని చుట్టూ జాలీ బోను తప్పనిసరి, పాము వెళ్లి చుట్టుకుంటుంది. థర్మోస్టాట్, అంటే వేడి మనం పెట్టిన అంకె దాటకుండా ఆపే పరికరం, లేకుండా ఏ వేడి వస్తువూ ప్లగ్గులో పెట్టొద్దు. వేడి రాయి అని అమ్ముతారు, అది కొనొద్దు, పొట్ట కాలిపోతున్నా పాము దాని మీద నుంచి లేవదు.

పెట్టె ఎక్కడ పెట్టాలి? కిటికీ ఎండ పడే చోట ఎప్పుడూ వద్దు, గాజు లోపల వేడి నిమిషాల్లో ఎక్కిపోతుంది. విజయవాడ, రామగుండం వేసవిలో మీ సమస్య వేడి చేయడం కాదు, చల్లబరచడం. 35 డిగ్రీలు దాటనివ్వకూడదు. మేడ మీద గది మానేసి కింద, గోడలు చల్లగా ఉండే గదిలో పెట్టండి, కరెంటు పోతే ఏం చేయాలో ముందే ఆలోచించి ఉంచుకోండి. స్పీకర్ల పక్కన, వాషింగ్ మెషీన్ పక్కన పెట్టొద్దు, ఆ అదురు దానికి ఒళ్లంతా తెలుస్తుంది. ఒకే పెట్టెలో రెండు పాములు మాత్రం వద్దు, ఎంత పెద్దదైనా సరే. ఒకదాని మీద ఒకటి పడుకుంటే ప్రేమ అనుకుంటాం, నిజానికి మంచి చోటు కోసం పోటీ అది.

ఈ పాఠానికి పని: పెట్టె బిగించి, అడుగున పొట్టు పరిచి, గూళ్లూ నీళ్ల గిన్నే పెట్టి, వేడి ఆన్ చేసి, పాము లేకుండా ఏడు రోజులు నడపండి. అంటించే ముల్లు మీటర్లు కాకుండా వైరు చివర ప్రోబ్ (కొలిచే మొన) ఉన్న డిజిటల్ మీటర్లు రెండు, చెరో గూట్లో ఒకటి పెట్టండి. ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి వేడీ తేమా ఒక కాగితం మీద రాసి పెట్టె పక్కనే అంటించండి. తెల్లవారుజామున ఒక్కరోజైనా లేచి చూడండి, తక్కువ అంకెలు ఆ వేళప్పుడే కనిపిస్తాయి. వచ్చే పాఠంలో ఆ కాగితం ముందు పెట్టుకుని థర్మోస్టాట్ ఎక్కడ బిగించాలో, ఏ అంకెకి పెట్టాలో చూద్దాం.