క్రోషియా బొమ్మ ఎక్కడ తేడా కొడుతోంది?

లోపలి దూది బయటికి కనిపిస్తోంది

కొత్తగా నేర్చుకునే అందరికీ మొదట వచ్చే తలనొప్పి ఇదే. నరసాపురం లేసుకి ఖాళీలే అందం, బొమ్మకి అవే చేటు. చాలాసార్లు కారణం సూది లావు. దారం ఉండ లేబుల్ మీద సూది సైజు 4 ఎంఎం అని ఉంటే అది స్వెటర్లకీ శాలువాలకీ, బొమ్మకైతే 3 లేదా 3.5 తీసుకోండి. అయినా సందులు పోకపోతే దారం లాగే తీరు మార్చండి: దారాన్ని సూదికి చుట్టకుండా, సూది చివరి కొక్కేన్ని దారం మీదుగా వేసి కిందికి లాక్కుంటే కుట్టు చిన్న ఇంటూ గుర్తులా, బిగువుగా పడుతుంది. కుట్లు తగ్గించే చోట మాత్రమే చిల్లులు పడుతుంటే, రెండు కుట్లకూ మన వైపున్న పోగుల్లోనే సూది దూర్చి కలిపేయండి.

చూసి అల్లే ప్యాటర్న్ బ్రిటన్‌దైతే ఇంకో తిరకాసు, వాళ్ళ డబుల్ క్రోషే అంటే అమెరికా వాళ్ళ సింగిల్ క్రోషే, అంటే బొమ్మలకి వాడే పొట్టి కుట్టు. ఈ సంగతి తెలియక నేను ఒక ఏనుగు తొండం మొత్తం పొడవాటి కుట్లతో అల్లి, అది చేపల వలలా తయారయ్యాక విప్పుకుంటూ కూర్చున్నాను.

తల గుండ్రంగా రావట్లేదు

వేయించిన అప్పడంలా అంచు అలలు తిరిగితే కుట్లు ఎక్కువయ్యాయి, మరీ తొందరగా గిన్నెలా ముడుచుకుంటే తక్కువయ్యాయి. కుట్లు 6, 12, 18, 24 అని వరుసకి 6 చొప్పున పెరగాలి. వరుసలు కలపకుండా చుట్టూ తిరుగుతూనే ఉంటాం కాబట్టి ఎక్కడ మొదలుపెట్టామో గుర్తుండదు, అందుకని ప్రతి వరుస మొదటి కుట్టుకి ఒక పిన్నీసు గుచ్చండి, మార్కర్లు కొనక్కర్లేదు. లెక్క సరిగ్గానే ఉండి ఆరు మూలలు తేలుతున్నాయా? పెంచే కుట్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, వరుస మార్చి వరుస కొంచెం పక్కకి జరపండి.

అడ్డగీతలు బయటికి కనిపిస్తుంటే బొమ్మ తిరగబడింది, దూది పెట్టకముందే లోపలిది బయటికి తిప్పేయండి, అంతే.

తల వేలాడుతోంది

మెడలో దూది చాలలేదు. దూది అంటున్నా గానీ నిజం దూది వద్దు, ఉతికితే ఉండలు కడుతుంది, దిండ్లలో నింపే ఫైబర్ తెచ్చుకోండి. పెన్సిల్ వెనక వైపుతో మెడ గట్టిపడేదాకా కూరి, చుట్టూ రెండుసార్లు కుట్టండి. మూడేళ్ళలోపు పిల్లలకి ఇచ్చే బొమ్మైతే ప్లాస్టిక్ కళ్ళు మానేసి నల్లదారంతో కళ్ళు కుట్టేయండి.