డ్యూటీలతో తీరిక లేదు, బరువు తగ్గట్లేదు: సమస్య ఎక్కడుందో వెతుక్కుందాం రండి

విజయనగరం నుంచి రోజూ వైజాగ్ ట్రైన్‌లో వెళ్లొచ్చేవాళ్లు, పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లు, పగలంతా స్కూల్లోనో సచివాలయంలోనో పనిచేసి ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి ముందు నిలబడే అక్కలు, ఎవర్ని కదిపినా ఒకటే మాట, టైం లేదండి అందుకే తగ్గలేకపోతన్నాం అని. టైం లేదన్నది నిజమే. కానీ ఇంతమందిని దగ్గర్నుంచి చూశాక నేను గట్టిగా నమ్మేది ఏటంటే, టైం లేకపోవడం కన్నా టైం తప్పి తినడమే మనల్ని ఎక్కువ దెబ్బ కొడతంది. ఎక్సర్‌సైజ్ సంగతి తర్వాత, ముందు అది సరిచేసుకోవాలి.

కింద ఒక్కో సమస్యా, దాని కారణం, ఏం చెయ్యాలో రాశాను. మీకు ఏది తగులుతుందో చూసుకుని అదొక్కటే రెండు మూడు వారాలు పట్టుకోండి. అన్నీ ఒకేసారి మొదలెడితే నాలుగో రోజుకే విసుగొచ్చేస్తాది.

మొదలెట్టే ముందు ఒక్క పని. టైలర్ టేపు తీసుకుని బొడ్డు దగ్గర నడుము కొలత రాసి పెట్టుకోండి. మనవాళ్లకి మగవాళ్లకైతే 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకైతే 80 దాటితే జాగ్రత్త పడాలని డాక్టర్లు చెప్తారు. ఒక్కోసారి బరువు కదలకపోయినా నడుము తగ్గుద్ది, అది తెలియాలంటే ఈ కొలత ఉండాలి.

సమస్య 1: పగలంతా కంట్రోల్‌లోనే ఉంటాను, రాత్రి ఇంటికొచ్చాక మాత్రం ఆగలేను

ఇది అన్నిటికన్నా పెద్దది, పదిమందిలో ఏడెనిమిది మంది ఇక్కడే దొరుకుతారు. మధ్యాహ్నం ఒంటిగంటకి బాక్స్ తింటారు. అప్పట్నుంచి రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నర దాకా కడుపులో పడేది రెండు టీలు, నాలుగు బిస్కెట్లు, ట్రైన్‌లో వస్తే ఓ పొట్లం మురీ మిక్చర్ లేదా సమోసా. అంటే ఎనిమిది గంటలపాటు సరైన తిండి లేదు. ఇంట్లోకి అడుగుపెట్టేసరికి ఒళ్లు వణుకుతున్నట్టు ఉంటాది, చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వెళ్లి డబ్బాలో జంతికలు నోట్లో వేసుకుంటారు, ఆ తర్వాత కంచం నిండా అన్నం, మళ్లీ పెరుగన్నం, పదిన్నరకి పడక. దీన్ని నోరు కట్టుకోలేకపోవడం అనుకుని బాధపడతారు చాలామంది. అది మీ తప్పు కాదు, అంతసేపు ఖాళీగా ఉంచితే ఏ ఒళ్లయినా అలగే అడుగుద్ది.

దీనికి మందు సాయంత్రం అయిదు, ఆరు మధ్యలో ఉంది. ఆఫీసు నుంచి బయల్దేరే ముందో, ట్రైన్ ఎక్కగానో ఏదో ఒకటి గట్టిది తినాలి. ఉడికించిన గుడ్లు రెండు పొద్దున్నే బాక్స్‌తో పాటు పట్టుకెళ్లొచ్చు, ఒక్కో గుడ్డులో 6 గ్రాముల ప్రోటీన్, 70-75 కేలరీలు అంతే. గుడ్డు తినని వాళ్లు వేయించిన శనగలు ఓ గుప్పెడు, అంటే ఓ 30 గ్రాములు, దానికి తోడు ఒక జామకాయ. ఇంకా వీలైతే ఓ సీసాలో పల్చటి మజ్జిగ. పల్లీలు కూడా మంచివే గానీ గుప్పెడు దగ్గర ఆపాలి, 30 గ్రాములకే 170 కేలరీల దాకా ఉంటాయి. మన పలాస జీడిపప్పు కూడా అంతే లెక్క, బలమని చెప్పి టీవీ చూస్తూ గిన్నెడు తినకూడదు.

ఇలా తిని వస్తే రాత్రి కంచం దగ్గర తేడా మీకే తెలుస్తుంది. అప్పుడు రెండో పని చెయ్యండి: కంచంలో ముందు కూర, పప్పు వడ్డించుకోండి, సగం కంచం అవే ఉండాలి, అన్నం ఆఖర్న. ఒక్కసారైనా అన్నాన్ని వంటింటి కాటాలో తూచి చూడండి, కాటా లేకపోతే తెలిసిన కొట్లోనైనా సరే. మామూలుగా మనం రాత్రి పెట్టుకునే కుప్ప 450 గ్రాములు ఉంటాది, వండిన అన్నం 100 గ్రాములకి 130 కేలరీల చొప్పున అది 585. దాన్నే 250 గ్రాములు చేసి ఆ ఖాళీలో బీరకాయో, ఆనపకాయో, తోటకూర పప్పో పెట్టుకుంటే రాత్రిపూట ఒక్కదాంట్లోనే రెండొందల కేలరీల దాకా తగ్గుద్ది, కడుపు మాత్రం నిండుగానే ఉంటాది. అన్నం పూర్తిగా మానెయ్యక్కర్లేదు. మానేసిన వాళ్లు పది రోజులకి మళ్లీ రెట్టింపు తినడం నేను చూస్తూనే ఉన్నాను.

సమస్య 2: తక్కువే తింటన్నాను, అయినా కాటా కదలట్లేదు

కంచంలో కనపడనివి రెండుంటాయి, నూనె, పంచదార.

నూనె లెక్క ఇలగ చూడండి. లీటరు నూనెలో దగ్గరదగ్గర 8,200 కేలరీలు ఉంటాయి. నలుగురున్న ఇంట్లో నెలకి 5 లీటర్లు అయిపోతున్నాయంటే మనిషికి రోజుకి 340 కేలరీలు నూనెలోంచే వస్తున్నట్టు. అదే 3 లీటర్లకి దించితే 205. రోజుకి 135 తేడా, నెలకి నాలుగు వేల పైచిలుకు. ఒంట్లో కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు కాబట్టి, ఇంకేమీ మార్చకపోయినా ఇంట్లో ఒక్కొక్కరికి నెలకి అరకిలో దాకా తేడా ఈ ఒక్కదాంట్లో ఉంది. దీనికి ఒక్క నిమిషం కూడా ఎక్స్‌ట్రా టైం అక్కర్లేదు.

ఎలగ దించాలి? ప్యాకెట్ కత్తిరించి తిన్నగా మూకుట్లో పోసే అలవాటు ఆపాలి, అదే అసలు దొంగ. నూనె డబ్బాలో పోసుకుని స్టీలు చెంచాతో కొలిచి వెయ్యండి, కూరకి మూడు చెంచాలో నాలుగో అని ముందే అనుకుని. బెండకాయ, వంకాయ, బంగాళాదుంప వేపుళ్లు వారానికి రెండు రోజులు చాలు, మిగతా రోజుల్లో ఆవ పెట్టిన కూరలు, పులుసులు, పప్పులు. మన ఇళ్లలో కంద బచ్చలి, పనసపొట్టు ఆవ పెట్టి వండుకుంటాం చూడండి, పోపుకి తప్ప నూనె పెద్దగా పట్టదు, రుచికి ఏ వేపుడూ సాటిరాదు. చేపలు తినేవాళ్లు కూడా ముక్క వేయించడం తగ్గించి పులుసు పెట్టుకోండి, కవళ్లు, కానాగడతలు చవగ్గానే దొరుకుతాయి, ప్రోటీన్ బాగా ఉంటాది.

టీ సంగతి: రోజుకి నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార అంటే 32 నుంచి 40 గ్రాములు. పైనుంచి వేసుకునే పంచదార రోజుకి 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తంది. టీ మానక్కర్లేదు, ఈ వారం ఒకటిన్నర చెంచా, వచ్చే వారం ఒకటి, ఆపైన అర, అలగ దించుకురండి. పంచదార బదులు బెల్లం వేస్తే తగ్గుతామనుకుంటారు, కేలరీల్లో పెద్ద తేడా ఏమీ లేదు.

సమస్య 3: చోడి (రాగి) అంబలి, మిల్లెట్స్ మొదలెట్టి మూడు నెలలైంది, ఏం తగ్గలేదు

చోళ్లు మన నేల పంట, నాకు చాలా ఇష్టం కూడా, అందుకే దీన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. చోడిపిండి 100 గ్రాముల్లో 320 కేలరీలు, బియ్యంలో 350. అంటే తేడా కొంచెమే. మరి చోళ్ల గొప్ప ఎక్కడంటే పీచులో, కాల్షియంలో. 100 గ్రాముల చోళ్లలో కాల్షియం 350 మిల్లీగ్రాములకి అటూఇటూ ఉంటాది, తెల్ల బియ్యంలో పదైనా ఉండదు. పీచు ఎక్కువ కాబట్టి కడుపు నిండినట్టుండి తొందరగా ఆకలెయ్యదు, కాబట్టి తక్కువ తింటాం, అలగ తగ్గాలి. కానీ అన్నం తినేది తింటూ దానిపైన అంబలి కూడా తాగితే అది ఎక్స్‌ట్రా తిండే అవుద్ది. ఇక చోడిపిండిలో పాలు, బెల్లం, జీడిపప్పు వేసి మాల్ట్ అని పొద్దున్నే పెద్ద గ్లాసు తాగుతారు, ఆ పైన ఇడ్లీలు. అది పాయసంతో సమానం.

సరైన పద్ధతి పాతదే. రాత్రి రెండు చెంచాల పిండి నీళ్లలో కలిపి ఉడికించి పెట్టుకుని, పొద్దున్న మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు వేసుకుని తాగాలి. టిఫిన్‌కి తోడు కాదు, టిఫిన్ బదులు. అయిదు నిమిషాల పని, పొద్దున్న ఆరింటి ట్రైన్ పట్టుకునేవాళ్లకి దీన్ని మించింది లేదు. పక్కన ఒక గుడ్డు ఉంటే మధ్యాహ్నం దాకా ఇబ్బంది ఉండదు.

సమస్య 4: నడవడానికి టైం లేదు

విజయనగరం విజ్జీ స్టేడియంలోనో, శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలోనో పొద్దున్నే గంట నడిచేవాళ్లని చూసి మనకి కుదరదులే అనుకుంటాం. గంట ఒకేసారి ఉండాలని ఎక్కడా లేదు. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవాలన్నది లెక్క, అది పదేసి నిమిషాలుగా విడగొట్టుకున్నా లెక్కే. మధ్యాహ్నం తిన్నాక పది నిమిషాలు, రాత్రి తిన్నాక పది నిమిషాలు వీధిలోనో మేడమీదో. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి ఆటో ఎక్కేబదులు ఇల్లు ఒకటిన్నర కిలోమీటరు లోపు ఉంటే నడిచెయ్యండి, ట్రాఫిక్‌లో ఆటోకి పట్టే టైంకి పెద్ద తేడా రాదు. ఫోన్ మాట్లాడేటప్పుడు కూర్చోకండి.

అయితే ఒకటి, నడక ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దు. 75 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే కరిగేది 130-150 కేలరీలు, దారిలో రెండు మిరపకాయ బజ్జీలు తింటే దాదాపు సరికి సరి. నడక షుగర్‌కి, గుండెకి, నిద్రకి చాలా మంచిది, బరువు మాత్రం ఎక్కువగా కంచంలోనే తగ్గాలి.

దీనికి తోడు వారానికి రెండు రోజులు పది నిమిషాలు కండలకి పని చెప్పాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకి పుషప్స్ పదిసార్లు, మధ్యలో కాస్త ఆగి మూడు రౌండ్లు. తిండి తగ్గించినప్పుడు కండ కరిగిపోకుండా ఇది కాపాడుద్ది. ఆడవాళ్లు బరువులెత్తితే మగాళ్లలా అయిపోతామని భయపడతారు, అలగేం అవ్వదు. ఆమదాలవలస దగ్గర పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది, మన నెల్లిమర్ల పక్కన కొండవెలగాడలో ఆడపిల్లలు ఇప్పటికీ బరువులెత్తుతున్నారు. ఈ నేల మీద ఉండి మనం రెండు నీళ్ల బాటిళ్లు ఎత్తడానికి భయపడక్కర్లేదు.

సమస్య 5: నైట్ షిఫ్ట్ మొదలైనప్పట్నుంచీ పెరిగిపోతన్నాను

నిద్ర తగ్గితే ఆకలి పెరుగుద్ది, అదీ తీపి, నూనె వాటి మీదకే మనసు పోద్ది. అర్ధరాత్రి రెండింటికి క్యాంటీన్‌లో పూర్తి భోజనం, పొద్దున్న బస్సు దిగి పూరీ, మధ్యాహ్నం లేచి మళ్లీ భోజనం, ఇలగ లెక్క నాలుగు పూటలకి వెళ్లిపోతాది. షిఫ్ట్‌కి వెళ్లే ముందు ఇంట్లో ఏడున్నర, ఎనిమిదికి ప్రధాన భోజనం చేసెయ్యండి. మధ్యరాత్రి గుడ్డు, మజ్జిగ, పండు లాంటి తేలికవే. మూడు దాటాక టీ వద్దు, పగటి నిద్ర చెడిపోద్ది. పొద్దున్న ఇంటికొచ్చాక రెండు ఇడ్లీలో అంబలో తాగేసి, కిటికీకి దళసరి దుప్పటి కట్టి, ఫోన్ పక్కగదిలో పెట్టి పడుకోండి. ఇంట్లోవాళ్లు కూడా ఆ ఆరేడు గంటలు లేపకుండా సాయపడాలి, ఇది ఒక్కరితో అయ్యేది కాదు.

సమస్య 6: వారమంతా తగ్గి సోమవారానికి కిలోన్నర పెరిగిపోయింది

కంగారు పడకండి. ఆదివారం బిర్యానీ, పచ్చడి తిన్నాక ఉప్పుకి ఒంట్లో నీరు నిలబడుద్ది, ఎక్కువ భాగం అదే, రెండు మూడు రోజుల్లో దిగిపోద్ది. రోజూ కాటా ఎక్కి బాధపడే బదులు వారంలో మూడు రోజులు, పొద్దున్న బాత్రూంకి వెళ్లొచ్చాక ఏమీ తినకుండా చూసి సగటు రాసుకోండి. ఆడవాళ్లకి నెలసరి ముందు కూడా నీరు చేరుద్ది. విజయనగరం పైడితల్లమ్మ పండగకి సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను, ఆ రెండు రోజులూ చుట్టాలొస్తారు, నాలుగు రకాలు వండుతారు, హాయిగా తినండి. బుధవారం నుంచి మామూలు కంచానికి వచ్చెయ్యండి, ఉపవాసాలు చేసి సరిచెయ్యాలని చూడొద్దు.

సమస్య 7: నాలుగైదు కిలోలు తగ్గి ఆగిపోయింది

బరువు తగ్గిన ఒంటికి ఖర్చు కూడా తగ్గుద్ది, దానికితోడు తెలియకుండానే అన్నం మళ్లీ పాత కుప్పకి వచ్చేసుంటాది. ఒక వారం మళ్లీ తూచి చూసుకోండి. వారానికి అరకిలో తగ్గితే బాగా తగ్గుతున్నట్టే.

సమస్య 8: అన్నీ సరిగ్గా చేస్తన్నా రెండు మూడు నెలలుగా ఏ మార్పూ లేదు

అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, షుగర్ టెస్టులు చేయించుకోండి, నెలసరి తప్పుతుంటే పీసీవోడీ (అండాశయాల సమస్య) ఉందేమో చూపించుకోండి. ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు, స్టెరాయిడ్స్ బరువు పెంచుతాయి, అలాగని సొంతంగా ఆపెయ్యకూడదు, మార్చమని డాక్టర్ని అడగాలి. షుగర్ మందులు వాడేవాళ్లు తిండి బాగా తగ్గించే ముందు కూడా చెప్పాలి, లేకపోతే షుగర్ పడిపోద్ది.

మన జిల్లాల వాళ్లకి ఇది మరీ ముఖ్యం. పలాస, సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు, ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని కూల్చిందో తెలుసు, ముదిరేదాకా పైకి ఏమీ తెలియదు. అటువైపు వాళ్లు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, బీపీ షుగర్ ఉన్నవాళ్లు ప్రోటీన్ పౌడర్ గానీ, పైన చెప్పిన గుడ్లు, శనగలు బాగా పెంచడం గానీ చేసే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), యూరిన్ టెస్ట్ చేయించుకోండి. ఒళ్లు నొప్పులకని నొప్పి మాత్రలు మింగుతూ ఎండలో నడవొద్దు. చెమట పట్టాలని ప్లాస్టిక్ జాకెట్ వేసుకోవడం, నీళ్లు తగ్గించడం అసలు వద్దు, దానితో పోయేది నీరే, కొవ్వు కాదు, భారం కిడ్నీల మీద పడుద్ది. పేరు తెలియని బరువు తగ్గే పొడులు, కషాయాలు ఎవరు అమ్మినా తీసుకోకండి. ఇప్పటికే వాడుతుంటే ఆ డబ్బా పట్టుకెళ్లి డాక్టర్‌కి చూపించండి.