స్టేట్‌మెంట్ నుంచి గ్నూక్యాష్‌లోకి: యూపీఐ ఖర్చులు చేత్తో కొట్టకుండా ఎక్కించడం

తిరుపతిలో ఇప్పుడు టీ బంకు దగ్గరా స్కానరే, పూల బుట్ట దగ్గరా స్కానరే. ఈ చిల్లర చెల్లింపులన్నీ ఒక్కొక్కటిగా చేత్తో ఎక్కించబోతే రెండో నెలకే ఇంటి లెక్క ఆగిపోతుంది. గ్నూక్యాష్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ఉచితం, కంప్యూటర్‌లోనే ఉంటుంది, జంట పద్దు విధానంలో నడుస్తుంది: ప్రతి మొత్తం ఒక ఖాతాలోంచి పోయి మరో ఖాతాలో పడుతుంది, పాలు, కిరాణా లాంటి ఖర్చు పద్దులూ ఇందులో ఖాతాలే. అందులో ఉన్న ఆన్‌లైన్ బ్యాంకింగ్ సదుపాయం ప్రధానంగా జర్మనీ, అమెరికా బ్యాంకుల పద్ధతులకు చేసింది, దాన్ని వదిలేయండి. మనకు పనికొచ్చే దారి సీఎస్‌వీ ఫైలు, అంటే కాలమ్‌ల మధ్య కామాలు పెట్టిన మామూలు టెక్స్ట్ పట్టిక.

నెట్ బ్యాంకింగ్‌లోకి కంప్యూటర్ నుంచి వెళ్లి స్టేట్‌మెంట్‌ను సీఎస్‌వీగానో ఎక్సెల్‌గానో దించుకోండి. పీడీఎఫ్ వద్దు, అందులోంచి వరుసలు చెదరకుండా తీయడం పెద్ద తలనొప్పి. ఫైలును లిబ్రేఆఫీస్ కాల్క్‌లో తెరిచేటప్పుడు (సీఎస్‌వీ అయితే) వచ్చే కిటికీలో తేదీ కాలమ్‌కు 'డేట్ డీఎంవై', రిఫరెన్స్ కాలమ్‌కు 'టెక్స్ట్' అని పెట్టండి. ఇది చేయకపోతే 05/07 అనే జూలై 5 కాస్తా మే 7 అయిపోవచ్చు. 12 అంకెల యూపీఐ నంబరు 4.12ఈ+11 లాగా కుదించుకుపోవచ్చు, అలాగే సేవ్ చేస్తే మళ్లీ దొరకదు. మొత్తాల్లో ఉన్న కామాలు కూడా తీసేయండి. 1,25,000 అనే మన లక్షల పద్ధతిని సాఫ్ట్‌వేర్ ఎలా చదువుతుందో అనే బెంగ ఉండదు.

ఇక అసలు కిటుకు. గ్నూక్యాష్ పాత పద్దులను చూసి కొత్త ఖర్చు ఏ ఖాతాదో ఊహిస్తుంది. అందుకోసం వివరణను ఖాళీల దగ్గర పదాలుగా విడగొట్టి, ఏ పదం ఇంతకుముందు ఎటు వెళ్లిందో లెక్కేస్తుంది. మన బ్యాంకుల వివరణేమో 'యూపీఐ/డీఆర్/నంబరు/పేరు/బ్యాంకు' అని మధ్యలో ఖాళీ లేకుండా ఒకే తాడులా ఉంటుంది. నంబరు ప్రతిసారీ మారుతుంది కాబట్టి ఆ తాడు మొత్తం ప్రతిసారీ కొత్త పదమే. ఆరు నెలలు వాడినా ఏమీ నేర్చుకోవడం లేదని చాలామంది విసిగిపోయేది ఇక్కడే. వివరణ కాలమ్‌ను మాత్రమే ఎంచుకుని, ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఏటవాలు గీతల (/) స్థానంలో ఖాళీ పెట్టండి. షీటు మొత్తానికి చేస్తే తేదీలు పాడవుతాయి. సాధారణంగా ఈ ఒక్క పనితోనే రెండో నెల నుంచి పాలాయన, కిరాణా కొట్టు, పెట్రోలు బంకు తమ ఖాతాల్లోకి తామే వెళ్లడం మొదలవుతుంది.

షీటును సీఎస్‌వీగా సేవ్ చేసి, గ్నూక్యాష్ ఫైల్ మెనూలో ఇంపోర్ట్, అందులో సీఎస్‌వీ ట్రాన్సాక్షన్లు తెరవండి. పైనున్న చిరునామా వరుసలు ఎన్నుంటే అన్ని స్కిప్ చేయండి, చివర మొత్తాల వరుస ఉంటే దాన్నీ. తేదీ పద్ధతి డీ-ఎం-వై. జమ కాలమ్‌కు 'అమౌంట్', ఖర్చు కాలమ్‌కు 'అమౌంట్ నెగేటెడ్'; పాత వెర్షన్లలో వీటి పేర్లు డిపాజిట్, విత్‌డ్రాయల్. తారుమారైతే జీతం ఖర్చులో కనిపిస్తుంది. అన్నీ కుదిరాక ఆ అమరికను బ్యాంకు పేరుతో సేవ్ చేస్తే వచ్చే వారం ఒక్క క్లిక్కు.

తర్వాత వచ్చే మ్యాచింగ్ పట్టికను తొందరపడి దాటేయకండి. ప్రతి వరుసకూ ఏ, యూ ప్లస్ సీ, సీ అనే గడులుంటాయి. ఏ అంటే కొత్తగా చేర్చు, సీ అంటే ఇది ఇప్పటికే ఉంది, సరిచూసినట్టు గుర్తుపెట్టు, యూ ప్లస్ సీ అంటే పాత పద్దును ఈ వివరాలతో సవరించి అలాగే గుర్తుపెట్టు. నిన్న 20 రూపాయల టీ, ఇవాళా 20 రూపాయల టీ అయితే ఇవాళ్టిది పాతదేననుకుని సీ పెట్టేయవచ్చు. రిఫరెన్స్ నంబరు చూసి ఏకి మార్చండి. మీ ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు పంపిన డబ్బు రెండు స్టేట్‌మెంట్లలోనూ వస్తుంది. మొదటిసారి ఎదుటి ఖాతాగా రెండో బ్యాంకును పెట్టండి, రెండో స్టేట్‌మెంట్ ఎక్కించేటప్పుడు దానికి సీ ఉండాలి. ఏ ఉంటే డబ్బు రెట్టింపు.

కొన్ని వరుసలు ఎప్పటికీ మీరే చూడాలి. ఫోన్ యాప్‌లోంచి ఎస్పీడీసీఎల్ కరెంటు బిల్లు, మొబైల్ రీచార్జి రెండూ కడితే వివరణలో యాప్ పేరే రావచ్చు, అప్పుడు ఊహ తప్పుతుంది. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు నాలుగు తీసుకుంటే 1,200 పోతుంది, కానీ పేరు పేమెంట్ గేట్‌వేది, అంటే మధ్యలో డబ్బు వసూలు చేసే సంస్థది ఉండొచ్చు. చెల్లింపు మధ్యలో ఆగి డబ్బు వెనక్కి వస్తే ఆ జమను ఆదాయంలో వేయకండి, పోయిన ఖాతాలోకే తిప్పండి. చిన్న కొట్లలో స్కానర్ కొట్టు పేరు మీద కాక యజమాని సొంత పేరు మీద ఉంటుంది, మొదటిసారి గుర్తుపట్టాల్సింది మీరే. తప్పు నేర్చుకుంటే టూల్స్‌లోని ఇంపోర్ట్ మ్యాప్ ఎడిటర్‌లో ఆ పదాన్ని తీసేయవచ్చు.

ఏటీఎంలో తీసిన డబ్బు ఖర్చు కాదు, జేబు ఖాతాలోకి బదిలీ. చేతికిచ్చే అద్దె, పనిమనిషి జీతం లాంటివి యాక్షన్స్‌లోని షెడ్యూల్డ్ ట్రాన్సాక్షన్లలో పెట్టండి. బ్యాంకులో కోతపడే ఈఎంఐ, సిప్ (నెలవారీ మ్యూచువల్ ఫండ్ పెట్టుబడి)లను అక్కడ పెట్టకపోవడమే మేలు, స్టేట్‌మెంట్‌తో కలిసి రెండుసార్లు పడే ప్రమాదం ఉంది. ఈఎంఐ ఒకే వరుసగా వస్తుంది కాబట్టి అసలు, వడ్డీ మీరే విడదీయాలి.

ప్రతి ఆదివారం ఎక్కించాక గ్నూక్యాష్‌లో చివరి నిల్వనూ స్టేట్‌మెంట్‌లో అదే తేదీ నిల్వనూ పోల్చండి. పైసా తేడా ఉన్నా ఆ వారంలోనే వెతకండి: తేడా సరిగ్గా ఒక చెల్లింపు అంత ఉంటే అది రెండుసార్లు పడింది లేదా జారిపోయింది, రెట్టింపు ఉంటే జమ, ఖర్చు తారుమారయ్యాయి.