ఇంటి కంప్యూటర్ సందేహాలకు జవాబు చెప్పేవారికి కొన్ని సూచనలు

ఒడిశాలోని బరంపురంలో మా తెలుగు వీధుల్లో ఎక్కడికి వెళ్లినా ఒక కంప్యూటర్ అబ్బాయి ఉంటాడు. పగలంతా వేరే ఉద్యోగం చేసుకుని, సాయంత్రం ఇంటికి చేరాక ఇరుగుపొరుగువారి ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ చూసిపెట్టడం అతడి వ్యాపకం. నేను ఆ పనిలో చాలాకాలంగా ఉన్నాను. అబ్బాయి వయసు ఎప్పుడో దాటిపోయినా పిలుపు మాత్రం మారలేదు. ఈ పనికి కొత్తగా పూనుకునేవారు స్క్రూడ్రైవర్ కొనుక్కోవడానికి ముందే, అడిగినవారి మాటలోంచి అసలు ఇబ్బందిని రాబట్టడం నేర్చుకోవాలి.

"సిస్టమ్ చచ్చిపోయింది బాబూ" అంటూ ఒక మామ్మగారు వస్తారు. కంప్యూటర్ డబ్బాకు కరెంటే అందకపోయినా, అందినా తెర మీద ఏమీ కనిపించకపోయినా, కనిపించి మధ్యలో నిలిచిపోయినా, చివరికి ఇంటర్నెట్ ఒక్కటే రాకపోయినా ఆవిడ నోట వచ్చేది ఆ మాటే. అందువల్ల జవాబు చెప్పే ముందు మూడు సంగతులు అడగాలి: చివరిసారి ఎప్పుడు పనిచేసింది, ఆ తర్వాత ఇంట్లో ఏమి మారింది, ఇప్పుడు కంటికి ఏమి కనిపిస్తోంది. రెండో ప్రశ్నకు మొదట "ఏమీ మారలేదు" అనే సమాధానమే వస్తుంది. కాసేపు ఆగితే, మొన్న గోడలకు సున్నం వేయించామనీ, బల్లను ఇటునుంచి అటు జరిపామనీ అంటారు. సగం జబ్బు అక్కడే బయటపడుతుంది.

"మామ్మగారూ, డబ్బా మీద లైటు వెలుగుతోందా?"

"వెలుగుతోంది."

"లోపల ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోందా?"

"గుర్రుమంటోంది."

"టీవీలా ఉన్నదాని కింద చిన్న లైటు ఉంటుంది, అది ఏ రంగులో ఉంది?"

"నారింజ తొక్క రంగులో ఉంది బాబూ."

చాలా మానిటర్లలో ఆ రంగు లైటు వెలిగిందంటే, తెరకు కరెంటు అందుతోంది గాని డబ్బా నుంచి బొమ్మ అందడం లేదని అర్థం. బల్ల జరిపినప్పుడు వెనక వైరు వదులై ఉండవచ్చు. దానిని రెండు చివర్లా ఊడదీసి మళ్లీ గట్టిగా బిగించమనాలి. అప్పటికీ బొమ్మ రాకపోతే ర్యామ్‌ను, అంటే నడుస్తున్న పనిని కంప్యూటర్ తాత్కాలికంగా పెట్టుకునే పట్టీని, అనుమానించాలి. గోపాలపూర్ సముద్రం మనకు దూరం కాదు. ఆ ఉప్పు తేమకు ర్యామ్ పట్టీ అంచున ఉండే బంగారు రంగు గీతలు మసకబారడం ఇక్కడ తరచుగా చూస్తాను. ప్లగ్గు పూర్తిగా తీసి, పవర్ మీటను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుని, డబ్బా ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకిన తర్వాతే పట్టీని బయటికి తీయాలి. ఆ గీతలను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, టక్కుమని చప్పుడు వచ్చేదాకా నొక్కి కూర్చోబెడితే చాలాసార్లు ప్రాణం వస్తుంది. ఇంత చేసినా, కరెంటు వైరు వచ్చి చేరే ఇనుప పెట్టెను, అంటే ఎస్ఎంపీఎస్‌ను, మాత్రం విప్పకూడదు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా అందులోని కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

ఫోన్‌లో జవాబు చెప్పేటప్పుడు మాటలను మరింత ఆచితూచి వాడాలి. ఒకసారి మా పిన్నిగారి ఫోన్ నిలిచిపోతోందంటే, పనిలో ఉండి "రీస్టార్ట్ చేసేయండి పిన్నీ" అన్నాను. ఆవిడ సెట్టింగ్స్‌లో వెతికి, ఆ మాటకు దగ్గరగా కనిపించిన రీసెట్‌ను నొక్కారు; అడిగిన చోటల్లా సరే అన్నారు. మనవడి అన్నప్రాశన ఫొటోలు అన్నీ పోయాయి, వాటికి వేరే నకలు లేదు. తప్పు పూర్తిగా నాదే. అప్పటినుంచి "ఫోన్ ఆపి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ వేయండి" అని మాత్రమే చెబుతున్నాను. చెప్పిన మాటను అవతలివారి చేత ఒకసారి తిరిగి చెప్పించుకుంటున్నాను కూడా.

"మెమరీ నిండిపోయింది" అన్నది మరొక గందరగోళపు ఫిర్యాదు. ర్యామ్‌నూ స్టోరేజీనీ జనం ఆ ఒక్క పేరుతోనే పిలుస్తారు. మా ఊళ్లో అప్పడాలు చేసి అమ్మే ఒకావిడకు నేను ఇలా చెప్పాను: అప్పడాలు ఎండబెట్టే చాప ర్యామ్, ఎండినవి దాచే డబ్బా స్టోరేజీ, చాప చిన్నదైతే పని నెమ్మదిస్తుంది, డబ్బా నిండితే కొత్త అప్పడానికి చోటుండదు. ఆవిడ ఫోన్‌లో డబ్బా నిండింది, అదీ వాట్సాప్ శుభోదయాలతో. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా అన్న చోట మేనేజ్ స్టోరేజ్ తెరిస్తే, 5 ఎంబీ దాటిన ఫైళ్లూ, చాలాసార్లు చేతులు మారి వచ్చినవీ వేర్వేరుగా కనిపిస్తాయి. పోకూడనివి ఏవో ముందే అడిగి, వేరే చోట దాచి, మిగిలినవాటిని ఆవిడ చేతనే తీయించాలి. గ్యాలరీలో తీసేసినవి కొన్నాళ్లపాటు చెత్తబుట్టలో ఉంటాయి కనుక దానినీ ఖాళీ చేస్తేనే చోటు మిగులుతుంది.

రెండు లిపుల మధ్య బతికే మనకు వచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది. శుభలేఖ ఫైలును ఇంట్లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థం లేని గుర్తులు వస్తున్నాయనీ, వైరస్ పట్టిందేమోననీ అడుగుతారు. అది వైరస్ కాదు. ముద్రణ పనివారు తెలుగుకు అను ఫాంట్లు, ఒడియాకు ఆకృతి ఫాంట్లు చాలాకాలంగా వాడుతున్నారు. ఆ పాత పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో మన అక్షరాల బొమ్మలను కూర్చుతారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో బొమ్మ పోయి అడుగున ఉన్న గుర్తులు బయటపడతాయి. ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతి 1991లో వెలువడింది; దాని మొదటి రూపంలోనే తెలుగుకూ ఒడియాకూ వేర్వేరుగా 128 చొప్పున స్థానాలు కేటాయించారు. అందులో టైపు చేసినది ఏ ఫోన్‌లోనైనా చదవవచ్చు. చూసుకోవడానికే అయితే పీడీఎఫ్ అడిగి తెప్పించుకోమనాలి. మార్పులు చేయాలంటే మాత్రం యూనికోడ్‌లోకి మార్పించి, ఒత్తులూ గుణింతాలూ ఒక్కొక్కటిగా సరిచూడాలి, ఎందుకంటే ఆ మార్పిడిలో పేర్లు తరచుగా చెడిపోతాయి. పెళ్లికొడుకు ఇంటిపేరు తప్పు పడితే మాట పడేది మనమే.

కంప్యూటర్ నెమ్మదించిందంటే వెంటనే కొత్తది కొనమనడం నాకు నచ్చదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అక్కడ డిస్క్ అంకె ఎప్పుడు చూసినా 100 శాతం దగ్గరే ఉండి, లోపల ఉన్నది పాత తిరిగే హార్డ్ డిస్క్ అయితే, దాని బదులు తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ వేయిస్తే తేడా కళ్లకు కనిపిస్తుంది. విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో సాధారణంగా ముగిశాయి కాబట్టి "ఇక పనిచేయదా?" అని చాలామంది అడుగుతున్నారు. పనిచేస్తుంది, అయితే అప్‌డేట్లు అందని యంత్రంలో బ్యాంకు పనులు చేయవద్దని చెప్పాలి. విండోస్ 11కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీతో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా కావాలి. పాత యంత్రాలు ఎక్కువగా ఆగిపోయేది ఈ చివరిదాని దగ్గరే.

తుపాను సంగతి మన జిల్లావాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. 2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఉరుములు మొదలవగానే కంప్యూటర్ ప్లగ్గుతో పాటు రౌటర్ ప్లగ్గునూ, దానికి వచ్చే రాగి వైరునూ తీసేయాలి. స్విచ్ ఆపినంత మాత్రాన పిడుగు ఆగదు. పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పుడు వోల్టేజీ కుదురుకునేదాకా కాసేపు ఆగి వేయమనాలి. ఇళ్లలో ఉండే చిన్న యూపీఎస్ కొద్ది నిమిషాలలో ఫైలు దాచుకుని కంప్యూటర్‌ను సరిగా ఆపడానికే గాని సినిమా పూర్తిచేయడానికి కాదు. దాని బ్యాటరీ వైపు లేజర్ ప్రింటర్ తగిలించకూడదు.

కొన్నింటికి మనం చేయి పెట్టకూడదు. వీపు ఉబ్బిన ఫోన్‌ను చార్జింగ్‌కు పెట్టకుండా, నొక్కకుండా, గుచ్చకుండా రిపేరు షాపుకు పంపాలి. ఎవరో ఫోన్ చేసి స్క్రీన్ షేర్ చేయమన్నారని, డబ్బు పోయిందని వచ్చినవారిని ఒక్క నిమిషం కూడా కూర్చోబెట్టకుండా ముందు సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి, తర్వాత వారి బ్యాంకుకు ఫోన్ చేయించాలి. మన వివరణలు ఆ తర్వాత.

పని అయ్యాక చేసినదేమిటో ఒక చీటీ మీద, వారు వాడిన మాటల్లోనే రాసి ఇవ్వడం నా అలవాటు. మామ్మగారి మానిటర్ అంచున నేను అంటించిన కాగితం ఇప్పటికీ ఉంది: "నారింజ లైటు వెలిగితే వెనక వైరు నొక్కవలెను."