విమానం మారి, డబ్బు కట్టిన సీటు పోతే: నా అనుభవం

బుకింగ్‌లో బోయింగ్ 777 విమానం తీసేసి 787 వేశారు. 3-4-3 సీట్ల వరస కాస్తా 3-3-3 అయింది, కట్టి తీసుకున్న కిటికీ సీటు పోయి మధ్య సీటు వచ్చిపడింది. మెయిల్, చాట్‌బాట్, ట్రావెల్ ఏజెంట్: అన్నీ దండగే.

పనిచేసింది ఇది. ముందు కొత్త సీట్ మ్యాప్ తెరిచి, ఖాళీగా ఉన్న రెండు కిటికీ సీట్ల నంబర్లు రాసుకున్నాను. తర్వాత సీటు రసీదులో ఈఎండీ (సీటుకు కట్టిన డబ్బుకు విమాన సంస్థ ఇచ్చే ఎలక్ట్రానిక్ పత్రం) నంబరు పట్టుకున్నాను. 13 అంకెలు; చూడ్డానికి టికెట్ నంబరులాగే ఉంటుంది, కానీ వేరు. అప్పుడు విమానం నడిపే సంస్థకే ఫోన్. "సీటు మార్చండి" అంటే మళ్లీ డబ్బంటారు. "విమానం మార్చింది మీరే, ఈ ఈఎండీని 34ఏకి కలపండి" అనాలి. కొత్త సీటు యాప్‌లో కనబడేదాకా ఫోన్ పెట్టేయొద్దు.

కోడ్‌షేర్ టికెట్లకు (ఒక సంస్థ అమ్మి, మరో సంస్థ విమానం నడిపేవి) ఇంత తేలిగ్గా అవ్వకపోవచ్చు. చెకిన్ తెరుచుకున్నాక అయితే కష్టమే.